సైలెన్సరు సందులో లాజరు గారు

పొన్నలంక చర్చిలో దాత పేరు లేనిది గాలి ఒక్కటే. బెంచీల వీపుల మీద పేర్లు, మంచినీళ్ళ స్టీలు డ్రమ్ము మీద పేరు, చెప్పులు పెట్టుకునే స్టాండు మీద కూడా పేరే. ఎవరైనా పెద్దాయన ప్రభువునందు నిద్రించారంటే, ఏడాది తిరిగేలోగా ఆయన పిల్లలు సంఘానికి ఏదో ఒకటి కొనిచ్చి, దాని మీద ఎర్ర పెయింటుతో ఆయన పేరూ, కింద తమ పేర్లూ రాయిస్తారు. గోడ గడియారం మీద రాయించిన పేరు ఎంత పెద్దదంటే, దాని వెనక ఆరూ ఏడూ అంకెలు కనపడవు. అందుకే సాయంత్రం ప్రార్థనకి అందరూ కాస్త అటూ ఇటూగా వస్తారు. ఫ్యాను రెక్కల మీద పేర్లు ఫ్యాను తిరిగినంతసేపూ కనపడవు. కరెంటు పోయినప్పుడు మాత్రం దాతలందరూ ఒక్కసారిగా బయటపడతారు. చెమటలు కక్కుతూ పైకి చూసే జనం వాళ్ళ పేర్లు తీరిగ్గా చదువుకుంటారు.

ఈ సంఘానికి కార్యదర్శి ఫిలిప్. ఊళ్ళో పోస్టుమాస్టరుగా చేసి రిటైరయిన మనిషి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎవరింటికైనా చెడ్డ కబురు వస్తే, ఆ ఉత్తరం వాళ్ళ చేతిలో పెట్టి, వాళ్ళు చింపేలోగా వీధి మలుపు తిరిగిపోయేవాడు. ఎవర్నీ ఏనాడూ నొప్పించని మనిషని అతనికి మంచి పేరు. ఆ పేరు కాపాడుకోవడం పోస్టుమాస్టరు ఉద్యోగం కంటే కష్టమైన పని. భార్య రెబెకా మాత్రం దాన్ని మంచితనం అనదు, పిరికితనం అంటుంది. కాకపోతే ఇంట్లోనే అంటుంది గనక ఊరికి తెలియదు.

ఆ మిగిలిన గాలికి కూడా పేరు పెట్టిన ఘనత ఫిలిప్ మేనత్త కొడుకు శ్యామ్ బాబుది.

శ్యామ్ బాబు అమలాపురంలో కాలేజీ ప్రిన్సిపాలు. తండ్రి లాజరు ఒకరి చేలో కూలి చేసి, కొబ్బరికాయలు ఒలిచి కొడుకుని చదివించాడు. ఆయన పోయాక శ్యామ్ బాబు మొదట చర్చికి ట్యూబులైటు ఇచ్చాడు. ట్యూబు మాడిపోయింది, దాని పట్టీ మీదున్న నాన్నగారి పేరు కూడా దాంతోపాటే చెత్తకుప్పకి పోయింది. తర్వాత గంట ఇస్తే, గంట మిగిలింది గానీ పేరున్న ఇత్తడి పలక పాతసామాన్ల వాడి తక్కెట్లోకి చేరింది. ఈ రెండు అవమానాలూ మనసులో పెట్టుకుని మూడోసారి డీజిల్ జనరేటరు ఇచ్చాడు. కొబ్బరిమట్ట విరిగి తీగల మీద పడడం, ఊరికి కరెంటు పోవడం అక్కడ మామూలే. ఆ మట్టలు ఆదివారం చూసుకునే పడతాయని సంఘస్తుల నమ్మకం. కాబట్టి జనరేటరు వచ్చిందంటే అందరూ సంతోషించారు.

దానికీ ఇత్తడి పలక చేయించాడు. 'ప్రభువునందు నిద్రించిన శ్రీ లాజరు గారి జ్ఞాపకార్థం' అని పైన ఒక వరస. కింద నాలుగు వరసల్లో శ్యామ్ బాబు పేరు, డిగ్రీలు, ఇప్పటి హోదా, ఇంతకుముందు వెలగబెట్టిన హోదాలు.

“ఈసారి ఎవడూ పీక్కుపోలేని చోట బిగించు, నూకరాజూ,” అన్నాడు.

నూకరాజు రాజోలు నుంచి వచ్చే మెకానిక్. పెద్దమనుషులు ఏం చెప్పినా కాదనడు, కాదన్నవాళ్ళకి పని దొరకదని అతనికి బాగా తెలుసు. ఇంజనులోంచి పొగ మోసుకెళ్ళే గొట్టం, సైలెన్సరు వైపు వెళ్ళే గొట్టం ఒకచోట కలుస్తాయి. రెండిటి చివర్లా ఉన్న ఇనప మొహాలూ ఒకదానికొకటి ఆని, మధ్యలో పొగ కారకుండా ప్యాకింగు పెట్టుకుని, మూడు బోల్టులతో బిగుస్తాయి. నూకరాజు ఆ మొహాల మధ్యకి ఒక పక్క నుంచి పలక అంచు దూర్చి, మూడు బోల్టుల్లో రెండిటిని పలకలోంచే పోనిచ్చి బిగించేశాడు. ఇక పలక ఊడదియ్యాలంటే గొట్టం ఊడదియ్యాలి. శ్యామ్ బాబు దాన్ని రెండు చేతులా లాగి చూసి, కదలకపోయేసరికి, తండ్రి రుణం తీరిపోయిందన్నంత తృప్తిగా కండువా సర్దుకున్నాడు.

ఇంజను వేశారు. పలక ఉన్న పక్క దాని మందాన మొహాలు ఎత్తుగా నిలబడ్డాయి, రెండో పక్క సందు తెరుచుకుంది. సైలెన్సరు దాకా వెళ్ళి మెత్తబడవలసిన చప్పుడంతా ఆ సందులోంచే టపటపమంటూ బయటికొచ్చింది, దాని వెనకే నల్లటి పొగ. ప్రభువునందు నిద్రించిన ఆయన సంగతేమో గానీ, తల్లుల ఒళ్ళో నిద్రపోతున్న చంటిపిల్లలందరూ లేచి కూర్చున్నారు.

ఆ చప్పుడులో పాస్టరు ప్రేమ్ కుమార్ అయ్యగారి ప్రసంగం వినపడక పెద్ద మైకు తెచ్చారు. మైకు నడవాలంటే జనరేటరు వెయ్యాలి, జనరేటరు వేస్తే మైకు పెంచాలి. ఈ తిరకాసు ఎవరి తలకీ ఎక్కలేదని కాదు. పైకి అనడం బాగుండదని ఊరుకున్నారు.

మర్యాద అక్కడితో ఆగితే ఆ ఊరు కోనసీమలో ఉండనక్కర్లేదు. జనరేటరు పెట్టింది ఆడవాళ్ళ వైపు కిటికీ కింద. తండ్రి పేరు తల్లికి ఎప్పుడూ కనపడుతూ ఉండాలని శ్యామ్ బాబు సరిగ్గా ఆ కిటికీ పక్కనే దిండు వేసిన కుర్చీ ఒకటి ఆమెకి ఏర్పాటు చేశాడు. ఆమె పేరు కృపమ్మ, లాజరు భార్య, ఫిలిప్‌కి మేనత్త. ఆదివారం ఆరాధన, బుధవారం కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఆవిడ దేనికొచ్చినా సరే, కరెంటు ఉన్నా సరే, దాతగారి తల్లి వచ్చింది కదా అని గౌరవం కోసం కాసేపు జనరేటరు వేసేవారు. ఆ గౌరవం తిన్నగా ఆవిడ ముక్కులోకి వెళ్ళేది.

నూకరాజు పిలిచినప్పుడల్లా వచ్చాడు. ఒకసారి ప్యాకింగు కాలిపోయిందన్నాడు, మార్చాడు. ఇంకోసారి డీజిల్లో కల్తీ అన్నాడు, మళ్ళీ ప్యాకింగే మార్చాడు. మరోసారి కొత్త ఇంజను కదండీ, సర్దుకోవాలి అన్నాడు. చివరికి ఒకనాడు గోడ మీద పట్టిన మసి చూపించి ఫిలిప్ నిలదీశాడు. నిలదీయడమంటే, కాఫీ ఇప్పించి, గ్లాసు ఖాళీ అయ్యాక అడిగాడు.

“అసలు సంగతి చెప్పు నూకరాజూ.”

“అసలు సంగతి తమరికి తెలుసు కదండీ.”

“పలకేనా?”

“ఆయ్. పలకేనండి. అది తీసేసి, మొహాలు శుభ్రంగా గీకి, కొత్త ప్యాకింగేసి బిగిస్తే చప్పుడూ ఉండదు, పొగా ఉండదండి. అది ఉన్నన్నాళ్ళూ బంగారంతో ప్యాకింగు చేయించినా కాలిపోద్దండి.”

“మరి తీసెయ్యొచ్చు కదా?”

“తీసేత్తానండి. తమరు ప్రిన్సిపాలు గారి చెవిన ఓ మాటెయ్యండి.”

“మెకానిక్‌వి నువ్వు. నువ్వు చెప్తే అందంగా ఉంటుంది.”

“పెట్టిందే నేను కదండీ. ఏ మొహం పెట్టుకుని చెప్పనండి?”

సంగతి కమిటీకి వెళ్ళింది. కమిటీలో ఉన్నవాళ్ళు ఆరితేరిన మర్యాదస్తులు. పలక తియ్యాలన్న మాట ఒక్కటి తప్ప మిగతావన్నీ ఆలోచించారు. జనరేటరు దూరంగా జరుపుదామన్నారు, అప్పుడు పలక కనపడదు కదా అన్నారు. కిటికీ మూసేద్దామన్నారు, మూసినా కనపడదు. కృపమ్మగారి కుర్చీ జరుపుదామన్నారు, వేయించిన మనిషి ఏమనుకుంటాడన్నారు. అయ్యగారు ప్రార్థన చేసి, సమస్యను ప్రభువు చేతుల్లో పెడుతున్నామన్నారు. అందరూ ఆమేన్ అని, టీ తాగి, ఒకరినొకరు గుమ్మం దాకా సాగనంపుకుని వెళ్ళిపోయారు.

ఈ లోపల కృపమ్మకి దగ్గు పట్టుకుంది.

కృపమ్మ పాట ఎత్తుకుంటే మగవాళ్ళ వైపు చివరి బెంచీ కూడా నిటారుగా కూర్చునేది. పెళ్ళయి ఆ ఊరొచ్చిన నాటి నుంచీ ఆ సంఘంలో మొదటి పాట ఆవిడదే. ఇప్పుడు రెండో చరణం దగ్గర దగ్గొచ్చి ఆగిపోతోంది. మిగతావాళ్ళు అందుకుని పాడేస్తుంటే, ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కిటికీలోంచి మొగుడి పేరు వైపు చూస్తూ కూర్చుంటోంది. ఆ చూపుని భర్త మీద ప్రేమ అనుకుని జనం మెచ్చుకునేవారు. పాపం, ఆవిడ గాలి కోసం చూసేది.

శ్యామ్ బాబుకి తల్లంటే ప్రాణం. ఆ మాట వెటకారానికి అనడం లేదు. రాజమండ్రి తిప్పాడు, కాకినాడ తిప్పాడు. ఒక డాక్టరు కోళ్ళ బొచ్చు పడదన్నాడు. కోళ్ళన్నీ అమ్మించేశాడు. ఇంకో డాక్టరు కట్టెల పొగ అన్నాడు. ఆవిడ చేపల పులుసు పెట్టుకునే మట్టిపొయ్యి పగలగొట్టించాడు. మూడో ఆయన మొహానికి రాసుకునే పౌడరు అన్నాడు. అదీ పోయింది. ఆవిడకి ఇష్టమైనవి ఒక్కొక్కటీ ఇంట్లోంచి వెళ్ళిపోయాయి. దగ్గు మాత్రం పోలేదు. చివరి డాక్టరు ఎక్స్‌రే ఫోటో దీపానికి అడ్డంపెట్టి చూసి, “ఊపిరితిత్తులు బాగా దెబ్బతింటున్నాయండి. ఇలాగే ఉంటే కష్టం. గాలి మార్చి చూడండి,” అన్నాడు.

“నాన్నగారి జ్ఞాపకార్థ కూడిక కాగానే అమ్మని అమలాపురం తీసుకెళ్ళిపోతున్నాను,” అని శ్యామ్ బాబు చెప్పేశాడు. “మూడో అంతస్తు. కిటికీలన్నీ అద్దాలు. బయటి గాలే రాదు.”

“బతికుండగానే పెట్టెలో పెట్టి మూసేత్తావేంట్రా?” అంది కృపమ్మ. కానీ ఎదురు చెప్పడానికి చాలినంత ఊపిరి లేకపోయింది ఆవిడకి.

ఆ మాట విన్న రాత్రి రెబెకా మొగుడికి కంచం పెట్టలేదు.

“చిన్నప్పుడు మీ అమ్మ మంచానపడితే నిన్ను పెంచింది ఆవిడే కదా,” అంది. “ఆ పలక తీసెయ్యమని రెండు ముక్కలు చెప్పడానికి ఏం రోగం? నేను చెప్పనా?”

“వద్దొద్దు. ఆడదానిచేత చెప్పిస్తే బావ ఏమనుకుంటాడు. నేనే వెళ్తాను.”

మర్నాడు ఫిలిప్ బస్సెక్కి, బోడసకుర్రు వంతెన దాటేదాకా చెప్పవలసిన మాటలు వల్లించుకుంటూనే ఉన్నాడు. బావా, తప్పుగా అనుకోకు. ఆ పలక వల్ల పొగ లీకవుతోంది, అదే అత్త దగ్గు. అంతే. చదువుకోని పిల్లాడు కూడా అప్పజెప్పగల పాఠం.

“రా ఫిలిప్పూ, రా. మొన్ననే అనుకున్నాం నీ గురించి,” అన్నాడు శ్యామ్ బాబు. పెసరట్లు వచ్చాయి, వాటి మీద ఉప్మా వచ్చింది. తినేదాకా పని మాట ఎత్తడం మర్యాద కాదు. తిన్నాక వెంటనే ఎత్తడం అసలు మర్యాద కాదు. కాఫీ కూడా అయ్యాక ఫిలిప్ గొంతు సవరించుకున్నాడు.

“జనరేటరు గురించి మాట్లాడదామని వచ్చేను, బావా.”

“ఎలా పనిచేస్తోంది?”

“దివ్యంగా ఉంది, బావా,” అంది ఫిలిప్ నోరు. తన నోటి వైపు తనే చూసుకోగలిగితే చూసుకునేవాడు. “కాకపోతే కాస్త చప్పుడు…”

“చప్పుడుండాలి కదా. వేసేరని నలుగురికీ తెలియాలి.”

“పొగ కూడా, కొంచెం…”

శ్యామ్ బాబు చెయ్యెత్తి ఆపాడు. “తెలుసు. నేనూ చూసేను. చెప్పలేక మొహమాటపడుతున్నావు.”

ఫిలిప్ గుండెలో బరువు దిగిపోయింది. చదువుకున్నవాడు చదువుకున్నవాడే అనుకున్నాడు.

“పొగ పట్టి నాన్నగారి పేరు నల్లబడిపోయింది,” అన్నాడు శ్యామ్ బాబు. “అందుకే కొత్తది చేయించేను. స్టీలుది. దానికంటే పెద్దది, మందం కూడా ఎక్కువ. గుడ్డ పెట్టి తుడిస్తే మసి పోతుంది. కూడిక రోజు పొద్దున్నే నూకరాజు చేత మార్పించెయ్.”

న్యూస్‌పేపర్లో చుట్టిన పలక తెచ్చి ఒళ్ళో పెట్టాడు. ఫిలిప్ దాన్ని విప్పి, కొత్తగా చేరిన హోదాతో సహా అంతా చదివి, “చాలా బాగుంది, బావా,” అన్నాడు. తిరుగు ప్రయాణంలో ఆ బరువు మోకాళ్ళ మీద పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. కొబ్బరితోటలు వెళ్ళిపోతున్నాయి, అతనికి ఏమీ కనపడలేదు.

“చెప్పేవా?” అంది రెబెకా.

“చెప్పేను.”

“ఏమన్నాడు?”

ఫిలిప్ కాగితం విప్పి చూపించాడు. ఆవిడ పలక వంక చూసింది, అతని వంక చూసింది, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కూడిక రోజు తెల్లారేసరికే కరెంటు లేదు. నూకరాజు వచ్చి, తుప్పు పట్టిన బోల్టుల మీద కిరసనాయిలు పోసి, నానాక సుత్తితో చిన్నగా తడుతూ విప్పాడు. పాత పలక వచ్చేసింది. మొహాల మీద మాడిపోయిన ప్యాకింగు పెళ్ళలు బ్లేడుతో గీకాడు. తీరా కొత్త పలక పెట్టబోతే దాని చిల్లులు ఇరుకు, బోల్టులు దూరడం లేదు. ఆకురాయి పెట్టి చిల్లులు పెద్దవి చెయ్యాలి, అది కాస్త సేపు పట్టే పని. అవతల భోజనాల షెడ్డులో ఆడవాళ్ళు బియ్యం కడగడానికి నీళ్ళు లేవని, మోటారు వెయ్యమని అరుస్తున్నారు.

“ముందు నీళ్ళకి ఇంజను వేసేత్తానండి. పలక తర్వాత పెడతాను,” అని నూకరాజు రెండు మొహాల మధ్యా కొత్త ప్యాకింగు ఒక్కటే పెట్టి, మూడు బోల్టులూ వరసగా కొంచెం కొంచెం తిప్పుతూ సమంగా బిగించి, ఇంజను వేశాడు.

ఫిలిప్ ఒక్క నిమిషం ఇంజను వెయ్యలేదేమో అనుకున్నాడు. షెడ్డులో గిన్నెల చప్పుడు వినపడుతోంది. ఎవరో ఎవర్నో ఉల్లిపాయలు అడుగుతున్నది కూడా వినపడుతోంది. సైలెన్సరు చివర చూరు పైన సన్నగా పొగ. కిటికీ దగ్గర ఏమీ లేదు. మోటారు నీళ్ళు పోస్తోంది. నూకరాజు ఓ పక్కన కూర్చుని కొత్త పలక చిల్లులు ఆకురాయితో పెద్దవి చేస్తున్నాడు.

అప్పుడే లోపలి నుంచి పాట వచ్చింది. కృపమ్మ పెందలాడే వచ్చి తన కుర్చీలో కూర్చుంది. ఎవరూ లేరు కదా అని సన్నగా ఎత్తుకుంది. మొదటి చరణం అయింది, రెండోది అయింది. ఫిలిప్ ఊపిరి బిగబట్టాడు. మూడో చరణం కూడా గుక్క తిప్పుకోకుండా పాడింది. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ గొంతు వింటూ పెరిగినవాడు. ఇలాగే వదిలెయ్యి నూకరాజూ, అంటే సరిపోయేది.

కాలవ గట్టు మీద కారు హారను మోగింది.

“నూకరాజూ, తొందరగా పలక పెట్టెయ్. బావ వచ్చేత్తన్నాడు,” అన్నాడు ఫిలిప్.

నూకరాజు అతని మొహంలోకి ఒకసారి చూసి, “ఆయ్,” అని ఇంజను ఆపాడు. వేడి గొట్టం మీద తడిగోనె కప్పి, చేతులు కాల్చుకుంటూ బోల్టులు విప్పి, శ్యామ్ బాబు కారు దిగేవేళకి లాజరు గారి పేరు స్టీలులో మెరిసేలా బిగించేశాడు.

కూడిక ఘనంగా మొదలైంది. జనరేటరు వేశారు. కొత్త పలక మందం ఎక్కువ కాబట్టి సందూ ఎక్కువైంది, కిటికీలోంచి పొగ ధారగా వచ్చింది. అయ్యగారు మైకు పెంచి, లాజరు గారు ఎంత మౌనమైన మనిషో గొంతు చించుకుని చెప్పారు. శ్యామ్ బాబు లేచి తండ్రి త్యాగాల గురించి మాట్లాడాడు. మధ్యమధ్య కళ్ళు తుడుచుకున్నాడు, కొంత దుఃఖం వల్ల, కొంత డీజిలు వల్ల. కిటికీ వైపు ఆడవాళ్ళందరూ కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నారు. కృపమ్మ కుర్చీలో ముందుకి వంగిపోయి దగ్గుతోంది. ఫిలిప్ అటు చూడకుండా ఎదురుగా ఉన్న పేర్లు చదువుకుంటున్నాడు.

“ఇప్పుడు పెద్దావిడ సాక్ష్యం చెప్తారు,” అన్నారు అయ్యగారు.

కృపమ్మ కుర్చీ చెయ్యి పట్టుకుని లేచింది. దగ్గు తెర ఒకటి అయ్యేదాకా ఆగింది. మైకు ఇవ్వబోతే తీసుకోలేదు.

“బాబూ నూకరాజూ, ఆ ఇంజను ఆపు,” అంది.

ఇంజను ఆగింది. ఫ్యాన్లు ఆగి, దాతల పేర్లు ఒక్కొక్కటే నిలబడ్డాయి. ఇంత నిశ్శబ్దంలో ఏం చెయ్యాలో తెలియక జనం సర్దుక్కూర్చున్నారు.

“పొద్దున్న నేనొచ్చి ఇక్కడే కూచున్నాను,” అంది కృపమ్మ. “ఇంజను తిరుగుతోంది. నీళ్ళు పడుతున్నాయి. పొగ లేదు. మూడు చరణాలు పాడేను, దగ్గు రాలేదు. ఆ తర్వాత ఇంజను ఆపి ఏదో పెట్టేరు. అప్పుణ్ణుంచి ఇదిగో, ఇలా ఉంది. ఏం పెట్టేవు బాబూ?”

కిటికీ అవతల నిలబడ్డ నూకరాజు ఫిలిప్ వంక చూశాడు. ఫిలిప్ అయ్యగారి వంక చూశాడు. అయ్యగారు బైబిలులో ఏదో వెతుక్కున్నారు.

“పలకండి, మామ్మగారూ,” అన్నాడు నూకరాజు.

“ఎవరి పలక?”

“పెద్దాయనదేనండి. లాజరు గారిది. పొగగొట్టం సందులో పెట్టేమండి. అందుకే అక్కడ పొగ కారతదండి.”

కృపమ్మ కిటికీలోంచి ఆ పలక వైపు చూసింది. ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని పక్కావిడ పట్టుకోబోయింది. ఏడవడం లేదు, నవ్వుతోంది.

“కాపరానికొచ్చిన కాణ్ణించీ మీ నాన్న చుట్ట పొగ నా మొహాన ఊదేడ్రా, శ్యామూ,” అంది. “మానవయ్యా అంటే మానలేదు. పోయేక ఏడిచేను గానీ, ఇంట్లో గాలి మాత్రం బాగుపడ్డాదనుకున్నాను. అది కూడా నీకు సహించలేదు.”

జనానికి నవ్వొచ్చింది. శ్యామ్ బాబు మొహం చూసి, నవ్వడం బాగుండదని ఆపుకున్నారు.

శ్యామ్ బాబు మెల్లిగా లేచాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి, కొత్త స్టీలు మీద అప్పుడే పట్టిన మసి వేలితో తీసి చూసుకున్నాడు. తల్లి మొహం చూశాడు. “దీనివల్లనా?” అన్నాడు. “ఎవరూ చెప్పలేదేం?” అందరి మొహాలూ చూసేసరికి గొంతు మారింది. “ఎవరికి తెలుసు?”

“తమరు బాధపడతారని…” అన్నారు అయ్యగారు.

“ఎప్పుడు తెలిసింది?”

“బిగించిన రోజే,” అన్నారు ఆయనే.

శ్యామ్ బాబు ఆడవాళ్ళ వైపు బెంచీ మీదే కూర్చుండిపోయాడు. “పొయ్యి పగలగొట్టించేసేను,” అన్నాడు, ఎవరితో అంటున్నాడో తెలియకుండా. “మా అమ్మ ఏడుస్తుంటే నిలబడి మరీ పగలగొట్టించేను.” డిగ్రీలన్నీ రాలిపోయి, కొబ్బరికాయలు ఒలిచే లాజరు కొడుకు మాత్రమే అక్కడ కూర్చున్నాడు. ఫిలిప్‌కి అతని మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఈ మనిషికి చెప్పడానికా ఇన్నాళ్ళూ భయపడ్డాను, అనుకున్నాడు.

“ఫిలిప్పూ,” అంది కృపమ్మ.

అతను లేచి నిలబడ్డాడు.

“పొద్దున్న కిటికీ అవతల, తొందరగా పెట్టెయ్ అన్నది నీ గొంతే కదరా?”

కాదనడం చాలా తేలిక. అయ్యగారిదేమో అత్తా, అనొచ్చు. ఆ మాట నాలిక చివరి దాకా వచ్చింది కూడా.

“నాదే అత్తా.”

“నా పాట విన్నావా?”

“విన్నాను.”

“విని కూడా అన్నావా?”

“బావ ఏమనుకుంటాడోనని, అత్తా.”

ఆవిడ కోప్పడుతుందేమోనని చూశాడు. కోప్పడలేదు. చిన్నప్పుడు జ్వరమొస్తే నుదురు పట్టి చూసేటప్పుడు ఎలా చూసేదో అలాగే చూసింది. “నేను పోయుంటే నా పేరున ఇంకో ఇంజను కొనేవోరు,” అంది. “ఆయన పక్కనే పెట్టేవోరు. అదీ కారేది. దానికీ ఎవరూ ఏమీ అనేవోరు కాదు.” కుర్చీలో కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది.

గొట్టం చల్లారేదాకా ముట్టుకోనన్నాడు నూకరాజు, పొద్దున్న కాలిన చేతులింకా మండుతున్నాయట. భోజనాలకి లేవమని ఎవరూ ఎవర్నీ అనలేదు. అందరూ అలాగే కూర్చున్నారు. కాసేపటికి కిటికీ అవతల స్పానరు చప్పుడు మొదలైంది.

“ఎవరైనా వచ్చి ఆ గొట్టం ఎత్తి పట్టుకోవాలండి. ఒక్కణ్ణీ సరిపోను,” అన్నాడు నూకరాజు.

ఫిలిప్ బయటికి నడిచాడు. కూడిక కోసం గంజి పెట్టించుకున్న తెల్లచొక్కా చేతులు పైకి మడవడం కూడా మర్చిపోయి, జనరేటరు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, మసి గొట్టాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. అలాంటి పని పెద్దమనిషి ముట్టుకుంటే, అయ్యో మీకెందుకండీ శ్రమ, అంటూ నలుగురు అడ్డం పడడం ఆ ఊరి ఆచారం. ఫిలిప్ ఒకసారి తలెత్తి చూశాడు. కిటికీ నిండా తెలిసిన మొహాలే. ఎవరూ ఆ మాట అనలేదు. అతను తల దించుకుని, నూకరాజు చెప్పినట్టు గొట్టాన్ని ఇంకాస్త పైకి ఎత్తాడు.